రైలుకు కిటికీలు అక్కర్లేదు

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. సమీకరణం రాసిచ్చి ఎక్స్ విలువ కనుక్కోమంటే చకచకా చేసేస్తాడు. అదే లెక్క మాటల్లో ఇస్తే పెన్ను కింద పెట్టేస్తాడు. "బొమ్మ గీసుకుని ఆలోచించు" అని వాళ్ల టీచర్ చెప్పారట. మొన్న రెండు రైళ్ల లెక్క చేస్తుంటే వెనకనుంచి చూశాను. ఇంజను, పొగ, ఎనిమిది కిటికీలు, కింద పట్టాలు, అన్నీ గీశాడు. పది నిమిషాలు పట్టింది. లెక్క మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఇలా గీస్తూ కూర్చుంటే పరీక్షలో టైమ్ సరిపోతుందా అని నాకు టెన్షన్. అసలు ఈ పద్ధతి పనికొస్తుందా? నేను చదువుకునే రోజుల్లో లెక్కల్లో బాగానే ఉండేదాన్ని. కానీ పక్కన కూర్చుని చెప్పబోతే వాడు విసుక్కుంటాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: పనికొస్తుందమ్మా. కాకపోతే మీవాడు గీసింది లెక్కకు పనికొచ్చే పటం కాదు, డ్రాయింగ్ క్లాసుకు పనికొచ్చే బొమ్మ. రెండూ కాగితం మీద గీతలే కాబట్టి ఒకటేలా అనిపిస్తాయి. "బొమ్మ గీసుకో" అని చెప్పి వదిలేస్తే, చదివింది రైలు గురించి కాబట్టి పిల్లవాడు రైలే గీస్తాడు. అందులో వాడి తప్పేమీ లేదు. ఏం గీయాలో, అంతకంటే ముఖ్యంగా ఏం వదిలెయ్యాలో వాడికెవరూ చెప్పలేదు.

ఇది మీ ఇంట్లో మాత్రమే జరిగేది కాదు. మేరీ హెగార్టీ, మరియా కొజెవ్నికోవ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఆరో తరగతి పిల్లల్ని పరిశీలించి 1999లో ఒక పరిశోధన ప్రచురించారు. లెక్క చదివినప్పుడు అందులోని వస్తువులు ఎలా ఉంటాయో ఊహించుకునే పిల్లలు ఒక రకం. ఆ వస్తువుల మధ్య దూరం ఎంత, ఏది దేనికి ఎటు పక్క ఉంది అని ఊహించుకునేవాళ్లు ఇంకో రకం. రెండో రకం వాళ్లకి లెక్కలు బాగా వచ్చాయి. మొదటి రకం ఊహ మాత్రం సాయం చెయ్యకపోగా, లెక్క తప్పడంతోనే జత కట్టింది. మీవాడి ఎనిమిది కిటికీలూ ఆ మొదటి రకమే.

కాబట్టి వాడికి చెప్పాల్సింది ఒక్కటే. లెక్కలో ఏమేం ఉన్నాయో గీయొద్దు, దేన్ని దేనితో పోల్చారో గీయి. రైలుకు కిటికీలు అక్కర్లేదు. ఇంజను కూడా అక్కర్లేదు. ఒక గీత చాలు.

అన్నిటికంటే తేలికైన పటం పట్టీ. లెక్కలో వచ్చే ప్రతి రాశికీ అడ్డంగా ఒక సన్నని పట్టీ గీయాలి. ఒకదాని కింద ఒకటి, ఎడమ అంచులు ఒకే వరసలో ఉండాలి. ఎడమ అంచులు కలిస్తేనే కుడివైపు తేడా కంటికి కనపడుతుంది. సింగపూర్ విద్యాశాఖ 1980ల మొదట్లో దీన్ని ఒక పద్ధతిగా బడుల్లో పెట్టింది, అక్కడినుంచి చాలా దేశాలకు పాకింది. అక్కడి చిన్న తరగతుల పిల్లలు సమీకరణం అన్న మాట వినకముందే, మనవాళ్లు ఎక్స్ పెట్టి చేసే లెక్కలు పట్టీలతో చేసేస్తారు.

మరి ముందు ఏ పట్టీ గీయాలి? పిల్లలు ఇక్కడే తడబడతారు. దీనికి మన భాషే మంచి ఆనవాలు ఇస్తుంది. "కంటే" అన్న మాట దేనికి తగిలిందో దాని పట్టీ ముందు గీయాలి. "అక్క దగ్గర తమ్ముడి కంటే 5 పుస్తకాలు ఎక్కువున్నాయి" అంటే "కంటే" తగిలింది తమ్ముడికి. అందుకని ముందు తమ్ముడి పట్టీ. దాని కింద అంతే పొడుగు గీసి, చివర 5 అనే ముక్క తగిలిస్తే అది అక్క పట్టీ. రెట్లు వచ్చే చోట "కంటే" బదులు "కి"యో "కు"యో ఉంటుంది. "తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లు" అన్నప్పుడు "కు" తగిలింది కొడుకు వయసుకి. కొడుకు పట్టీ ముందు. ఈ కంటే, కు, కిల కింద పెన్సిల్‌తో ఒక గీత గీయమనండి. అక్కడినుంచి లెక్క కదులుతుంది.

చాలామంది దీని బదులు ఇంకో చిట్కా నేర్పుతారు. "ఎక్కువ" అంటే కూడిక, "తక్కువ" అంటే తీసివేత, "రెట్లు" అంటే గుణకారం అని. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు నేర్పే ఉంటారు. నాకు ఆ చిట్కా అంటే ఒళ్లు మంట. ఈ లెక్క చూడండి: "అక్క దగ్గర 20 పుస్తకాలున్నాయి. అవి తమ్ముడి దగ్గరున్న వాటి కంటే 5 ఎక్కువ. తమ్ముడి దగ్గర ఎన్ని?" చిట్కా నేర్చినవాడు "ఎక్కువ" కనపడగానే 25 అని రాసేస్తాడు. పటం గీసినవాడికి తమ్ముడి పట్టీ పొట్టిగా, అక్క పట్టీ పొడుగ్గా కళ్లముందే ఉంటాయి. పొడుగుది 20 అయితే పొట్టిది 25 ఎలా అవుతుంది? వాడు ఆ తప్పు చెయ్యమన్నా చెయ్యలేడు. చిట్కా మాటను చూస్తుంది, పటం అర్థాన్ని చూస్తుంది.

ఇక అసలు బీజగణితంలోకి వద్దాం. మీవాడు బడిలో ఎక్స్ అంటాడు. పట్టీలో ఎంతో తెలియని ముక్కను నేను గడి అంటాను, దానికి గుర్తుగా ఇక్కడ "గ" అని రాస్తాను. ఇదేం వింత కాదు. మన పాత గణితంలో తెలియని రాశిని "యావత్ తావత్" అని పిలిచి, పొడి అక్షరంగా "యా" అని రాసుకునేవారు.

రెండు డబ్బాల్లో కలిపి 84 గోళీలున్నాయి. పెద్ద డబ్బాలో ఉన్నవి, చిన్న డబ్బాలో ఉన్నవాటికి 3 రెట్ల కంటే 4 ఎక్కువ. ఏ డబ్బాలో ఎన్ని?

చిన్న డబ్బాకు ఒక గడి. దాని కింద పెద్ద డబ్బాకు అలాంటివే మూడు గడులు, చివర చిన్న తోక. తోకలో 4 అని రాయాలి. రెండు పట్టీలకూ కలిపి కుడిపక్కన ఒక బ్రాకెట్ పెట్టి 84 అని రాయాలి. అంతే పటం. ఇప్పుడు పిల్లవాడిని చేతులు కట్టుకుని చూడమనండి. తోక లేకపోతే ఎంత? 80. ఎన్ని గడులున్నాయి? 4. ఒక్కో గడి? 20. పెద్ద డబ్బాలో 64.

"ఎక్స్ లేకుండానే వచ్చేసిందిగా, మరి బీజగణితం ఎందుకు?" అని వాడు అడగాలి. అడిగితే సంతోషించండి. అప్పుడు గడిలో "గ" అని రాయించి, పటాన్ని ఉన్నదున్నట్టు చదివించండి. పై పట్టీ గ. కింది పట్టీ 3గ + 4. రెండూ కలిపితే 84. గ + 3గ + 4 = 84. ఇదే కదా బడిలో రాయమనేది! తర్వాత వాడు చేసే ప్రతి స్టెప్పూ పటంలో ఒక పనే. రెండు పక్కలనుంచీ 4 తీసెయ్యడం అంటే తోక కోసెయ్యడం. 4తో భాగించడం అంటే ఒక్క గడిలో ఎంతుందో చూడటం. "4 అటుపక్కకి వెళ్తే మైనస్ అవుతుంది" అని బట్టీపట్టిన పిల్లలకు, ఆ 4 ఎక్కడికీ వెళ్లలేదు, మనమే కోసి పక్కన పెట్టాం అని ఇక్కడ అర్థమవుతుంది.

ఇలాంటివి చిన్నపిల్లలకే అనుకోకండి. 1980ల మొదట్లో అమెరికాలో జాన్ క్లెమెంట్ బృందం ఇంజనీరింగ్ చదివే విద్యార్థులకు ఒక వాక్యం ఇచ్చి సమీకరణం రాయమంది. ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థుల సంఖ్య అధ్యాపకుల సంఖ్యకు 6 రెట్లు. అంతే ప్రశ్న. మూడింట ఒక వంతుకు మించి తప్పు రాశారు. ఎక్కువమంది చేసిన తప్పు ఒకటే, తిరగేసి రాయడం. విద్యార్థులు "వి", అధ్యాపకులు "అ" అనుకుంటే 6వి = అ అని రాశారు. వాళ్లకిచ్చిన ఇంగ్లీషు వాక్యంలో 6 విద్యార్థుల పక్కన వినిపించింది కాబట్టి, 6ని "వి" పక్కన పెట్టేశారు. పట్టీలు గీసి చూడండి. "కు" తగిలింది అధ్యాపకులకు, వాళ్లకొక గడి. విద్యార్థులకు ఆరు గడులు. పొట్టి పట్టీని ఆరుసార్లు వేస్తేనే పొడుగుదానికి సమానమవుతుంది. వి = 6అ. సమీకరణంలో 6 ఉండేది చిన్నవాడి పక్కన, పెద్దవాడి పక్కన కాదు. ఇది నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. పట్టీలు ఒక్కసారి గీస్తే పోదు.

ఇప్పుడు వయసుల లెక్క. పిల్లల్ని ఇంతగా ఏడిపించే లెక్క ఇంకోటి లేదు. దీని దగ్గర కాస్త నిదానంగా కూర్చుందాం.

తండ్రి వయసు ఇప్పుడు కొడుకు వయసుకు 4 రెట్లు. 5 ఏళ్ల తర్వాత 3 రెట్లే అవుతుంది. ఇప్పుడు ఎవరి వయసు ఎంత?

కొడుకుకు ఒక గడి. దాని కింద తండ్రికి నాలుగు గడులు. ఇంతవరకు ఎవరైనా గీస్తారు. ఇప్పుడు 5 ఏళ్లు గడవాలి. పిల్లలు అలవాటుగా కుడి చివర 5 తగిలిస్తారు. అది తప్పు కాదు గానీ పటం గజిబిజి అవుతుంది. ఎడమ పక్కన తగిలించమనండి. రెండు పట్టీలకూ ఎడమవైపు 5 అనే చిన్న ముక్క, ఎడమ అంచులు మళ్లీ కలిసేలా. ఇప్పుడు కళ్లు కుడివైపు తిప్పండి. కొడుకు పట్టీ ఆగిపోయిన చోటునుంచి తండ్రి పట్టీ ఎంత బయటికి పొడుచుకొచ్చిందో, ఆ భాగం పిసరంత కూడా మారలేదు. ముందూ మూడు గడులే, ఇప్పుడూ మూడు గడులే. ఎన్నేళ్లు గడిచినా తండ్రికీ కొడుక్కీ మధ్య తేడా మారదని అందరికీ తెలుసు. కానీ లెక్క చేసేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. పటం దాన్ని గుర్తుంచుకుంటుంది.

ఇప్పుడు రెండో వాక్యం. 5 ఏళ్ల తర్వాత తండ్రి పట్టీలో, కొడుకు కొత్త పట్టీలాంటివి మూడు పట్టాలి. ఒకటి కొడుకు పట్టీకి ఎదురుగా సరిపోతుంది. మిగిలిన రెండూ కలిస్తే ఆ బయటికి పొడుచుకొచ్చిన భాగం. అంటే ఆ భాగం పొడుగు మొదటి వాక్యం ప్రకారం 3గ, రెండో వాక్యం ప్రకారం 2(గ + 5). పొడుగు ఒక్కటే, దాన్ని చెప్పిన తీరు రెండు. మధ్యలో సమానం గుర్తు పెట్టేస్తే సమీకరణం అయిపోయింది. 3గ = 2గ + 10. గ = 10. కొడుక్కి 10, తండ్రికి 40. అయిదేళ్లకు 15, 45.

నేను ఇన్నేళ్లుగా పిల్లలకు చెబుతున్నది ఈ మాటే. సమీకరణం ఎక్కడినుంచో ఊడిపడదు. పటంలో ఏదో ఒక పొడుగును లెక్క రెండు రకాలుగా చెబుతుంది, అది ఎక్కడుందో వెతుక్కోవాలి. బడిలో ఈ లెక్కకు 4గ + 5 = 3(గ + 5) అని రాయిస్తారు. అదీ సరైనదే. అక్కడ తండ్రి పట్టీ మొత్తాన్ని రెండు రకాలుగా చెప్పారు, నేను తేడాను చెప్పాను. ఏ పొడుగు పట్టుకున్నా జవాబు 10 దగ్గరికే వస్తుంది. "మా సార్ ఇలా చెయ్యలేదు" అని మీవాడు అంటే ఇది చూపించండి.

సరే, రైళ్లు. మీరు లెక్క పూర్తిగా రాయలేదు కాబట్టి మామూలుగా ఉండేదే తీసుకుంటాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఒక రైలు బయలుదేరింది. 2 గంటల తర్వాత అక్కడినుంచే, అదే దిక్కుగా రెండో రైలు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో బయలుదేరింది. ఎన్ని గంటలకు మొదటిదాన్ని అందుకుంటుంది?

ఇక్కడ ఒట్టి పట్టీ చాలదు. వేగం, సమయం, దూరం అని మూడున్నాయి కదా. దూరం అంటే వేగాన్ని సమయంతో గుణించడం. గుణకారం వచ్చిన చోట పట్టీని దీర్ఘచతురస్రం చెయ్యాలి. అడ్డంగా సమయం, నిలువుగా వేగం పెడితే లోపలి వైశాల్యమే దూరం. మొదటి రైలుది 60 ఎత్తు, పొడుగాటి దీర్ఘచతురస్రం. రెండో రైలుది దాని మీదే, 2 గంటలు వదిలేసి మొదలుపెట్టి, 90 ఎత్తు. రెండింటి కుడి అంచులూ ఒకే చోట ఆగాలి, ఎందుకంటే అందుకున్న క్షణం ఇద్దరికీ ఒకటే. రెండు రైళ్లూ ఒకే దూరం నడిచాయి కాబట్టి రెండు వైశాల్యాలూ సమానం. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని పెన్సిల్‌తో నింపేసి పక్కన పెట్టండి. ఏం మిగిలింది? మొదటి రైలుకు ఎడమ పక్కన 2 గంటల వెడల్పు, 60 ఎత్తు ఉన్న ముక్క. అది 120. రెండో రైలుకు నెత్తిమీద 30 మందం పట్టీ. అదీ 120 కావాలి. 30ని ఎంతతో గుణిస్తే 120? 4. రెండో రైలు బయలుదేరిన 4 గంటలకు అందుకుంటుంది. మొదటి రైలు 6 గంటలు నడిచి 360 కిలోమీటర్లు, రెండోది 4 గంటలు నడిచి 360. రెండో రైలు నడిచిన గంటలు "గ" అనుకుని సమీకరణంగా రాయమంటే 60(గ + 2) = 90గ.

నెత్తిమీద పట్టీ 30 ఎందుకయిందో అడగండి. "90లోంచి 60 పోతే" అంటాడు. "అంటే?" అని ఇంకొక్క ప్రశ్న. గంటగంటకీ వెనక రైలు 30 కిలోమీటర్లు దగ్గరవుతోందని వాడి నోటితో వస్తే ఈ లెక్క వాడి సొంతమైనట్టే.

ఇదే దీర్ఘచతురస్రం ద్రావణాలు కలిపే లెక్కలకూ పనిచేస్తుంది. 20 శాతం ఆమ్లం ఉన్న ద్రావణం 300 మిల్లీలీటర్లుంది, దాన్ని 30 శాతం చెయ్యాలంటే 50 శాతం ద్రావణం ఎంత కలపాలి? అడ్డంగా పరిమాణం, నిలువుగా శాతం పెట్టి రెండు దీర్ఘచతురస్రాలూ పక్కపక్కన గీసి, 30 దగ్గర అడ్డంగా ఒక గీత లాగండి. మొదటిది గీతకు 10 కింద ఉంది, 300 వెడల్పు గుంట. రెండోది గీతకు 20 పైన ఉంది, అది దిబ్బ. దిబ్బ కోసి గుంట పూడ్చాలి. గుంట 3000, కాబట్టి దిబ్బ వెడల్పు 150. అంటే 150 మిల్లీలీటర్లు. ఈ దిబ్బా గుంటా సంగతి ఒకసారి పట్టుబడితే సగటు లెక్కలు కూడా ఇలాగే పడిపోతాయి.

ఇవన్నీ ఈ కాలపు కొత్త పద్ధతులేమో అనుకుంటారేమో. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోని "అల్ జబ్ర్" నుంచే ఆల్జీబ్రా అన్న మాట వచ్చింది. ఆ పుస్తకంలో ప్లస్సులు, ఎక్స్‌లు ఏమీ లేవు. అన్నీ మాటలే. అంటే ఆ పుస్తకమంతా వర్డ్ ప్రాబ్లమే అన్నమాట! ఒక రాశి వర్గానికి ఆ రాశి 10 రెట్లు కలిపితే 39, రాశి ఎంత అని ఆయన ఒక ప్రశ్న వేసి, జవాబు ఎందుకు సరైందో పటం గీసి చూపించాడు. గ భుజంగా ఒక చతురస్రం. 10ని రెండు సగాలు చేసి, దానికి కుడి పక్కన ఒకటి, కింద ఒకటి 5 వెడల్పు పట్టీలు. ఈ మూడూ కలిపి వైశాల్యం 39. మూల దగ్గర 5 బై 5 చదరం ఖాళీ. దాన్ని 25తో పూడిస్తే 64. భుజం 8. అందులో 5 పోతే గ 3. బీజగణితంలో "వర్గాన్ని పూర్తి చేయడం" అనేది ఇదే. పూర్తి చెయ్యడం అంటే ఆ మూల ఖాళీని పూడ్చడం అని తెలియకుండానే చాలామంది పరీక్ష రాసేస్తారు.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన తుమ్మెదల లెక్క కూడా పట్టీ కోసమే పుట్టినట్టుంటుంది. తుమ్మెదల గుంపులో అయిదో వంతు ఒక పువ్వు మీదికి, మూడో వంతు ఇంకో పువ్వు మీదికి వెళ్లాయి. ఆ రెండింటి తేడాకు మూడు రెట్లు మరో పువ్వు దగ్గరికి పోయాయి. ఒక్క తుమ్మెద గాల్లో మిగిలింది. మొత్తం ఎన్ని? ఎన్ని గడులు గీయాలి? 5కీ 3కీ క.సా.గు. 15, కాబట్టి 15 గడులు. అయిదో వంతు 3 గడులు, మూడో వంతు 5 గడులు, తేడా 2 గడులు, దాని మూడు రెట్లు 6 గడులు. 14 గడులు నిండాయి. ఖాళీగా మిగిలిన ఒక్క గడిలో ఒక్క తుమ్మెద. మొత్తం 15. ఎనిమిదేళ్ల క్రితం ఒకమ్మాయికి ఇది చూపిస్తే, నమ్మకం కుదరక మళ్లీ మొదటినుంచి గడులు లెక్కపెట్టింది.

పటం అన్నిటికీ మందు కాదు. ఇందాకటి 39 లెక్కనే తీసుకోండి. బడిలో చేస్తే 3తో పాటు మైనస్ 13 కూడా వస్తుంది. పటంలో అది కనపడదు. మైనస్ 13 పొడుగు ఉన్న గీత ఎవరు గీస్తారు? అలాగే "రెండంకెల సంఖ్యలో అంకెల మొత్తం 9, అంకెలు తారుమారు చేస్తే 27 పెరుగుతుంది" లాంటి వాటికి పట్టీలు గీస్తే వృథా ప్రయాస. అక్కడ పదుల గడి, ఒకట్ల గడి అని రెండు గడుల పట్టిక చాలు (జవాబు 36). ఇంకో జాగ్రత్త. పట్టీ పొడుగులు ఉజ్జాయింపే. నా దగ్గర ఒక పిల్లవాడు స్కేలు పెట్టి పట్టీ కొలిచి, సెంటీమీటర్లలో జవాబు రాశాడు! ఏది పొట్టి, ఏది పొడుగు, ఏవి సమానం, ఇంతవరకే పటాన్ని నమ్మాలి. గడి ఎంత పెద్దదో పటం చెప్పదు, అది తేల్చడానికేగా లెక్క.

పరీక్షలో టైమ్ గురించి అడిగారు. పది నిమిషాలు తిన్నవి కిటికీలు. పట్టీల పటం రఫ్ పని చేసుకునే చోట, స్కేలు లేకుండా, చేత్తో గీస్తే అర నిమిషం. మొదటి రెండు మూడు వారాలు నిదానంగానే గీస్తాడు, గీయనివ్వండి. పటం గీసుకున్నా జవాబులో "ఎక్స్ అనుకుందాం" దగ్గర్నుంచి స్టెప్పులన్నీ రాయాల్సిందే, అది మానొద్దని చెప్పండి. కొన్నాళ్లకు తేలిక లెక్కలకు గీయడం తనంతట తనే మానేస్తాడు. అప్పుడు "గీయలేదేం?" అని వెంటపడకండి. బుర్రలో గీసుకుంటున్నాడన్నమాట.

వాడి విసుగు సంగతి. మీకు లెక్కలు బాగా వచ్చు కాబట్టే ఆ విసుగు. వాడు ప్రశ్న సగం చదివేసరికి మీ చేతిలో సమీకరణం తయారై ఉంటుంది. పెన్సిల్ వాడి చేతిలోంచి తీసుకోకండి. "జవాబెంత?" అని అడక్కండి. "ఏది పొడుగు?" అనడగండి. "ఈ ముక్క లెక్కలో ఎక్కడుంది, చూపించు" అనండి. పటం తప్పు గీస్తే దిద్దకండి. వాడు గీసిన పటాన్ని మీరు గట్టిగా మాటల్లో చదివి, లెక్కతో పోల్చుకోమనండి. "నీ పటం ప్రకారం కొడుకు తండ్రి కంటే పెద్దవాడురా" అంటే నవ్వుకుని వాడే చెరిపేస్తాడు.

ఇంకో పని చెయ్యండి, ఇది నాకు బాగా కలిసొచ్చింది. లెక్కను తిరగేసి ఇవ్వండి. మీరే ఒక కాగితం మీద పైన ఒక గడి, కింద మూడు గడులు, చివర 7 అనే తోక గీసి, పక్కన బ్రాకెట్ పెట్టి 55 అని రాసి వాడి ముందు పెట్టండి. "దీనికి ఒక కథ అల్లు" అనండి. జవాబు 12, 43 అని తర్వాత తేలుతుంది, ముందు కథ కావాలి. ఏ కథైనా సరే. చిన్న రైలుకు కొన్ని కిటికీలున్నాయి, పెద్ద రైలుకు అంతకు మూడు రెట్ల కంటే 7 ఎక్కువున్నాయి, మొత్తం 55 అని వాడు రాసుకొస్తే, ఆ కిటికీలు ఈసారి ఉండనివ్వండి.